లొట్టిలో పొంగు, సీసాలో పొంగు

సీసావాది: ఒక్క సంగతి ఒప్పుకో బాబాయ్. ఫ్రాన్స్‌లో పెట్‌నాట్ అని ఒక వైన్ ఉంది. ద్రాక్షరసం పులుస్తుండగానే, ఇంకా కాస్త తీపి మిగిలుండగానే సీసాల్లోకి ఎత్తి మూత బిగిస్తారు. మిగిలిన తీపి లోపలే పులుస్తుంది. పుట్టిన గాలికి బయటికి పోయే దారి ఉండదు కాబట్టి వైన్‌లోనే కరిగిపోతుంది. మూత తీస్తే బుస్సుమంటుంది. యంత్రంతో గ్యాస్ ఎక్కించేది లేదు, చక్కెర కలిపేది లేదు. చాలామంది అడుగు మడ్డి కూడా తియ్యరు. లిమూ అనే ఊరివాళ్లయితే 1531లోనే మా దగ్గరి మఠంలో ఇలా చేశారని చెప్పుకుంటారు. నువ్వు తాడిచెట్టు మీంచి దించే లొట్టిలో జరిగేదీ ఇదే కదా? పెట్‌నాట్‌ను మా హోటల్లో సీసా మెడకు తెల్లగుడ్డ చుట్టి పోస్తాం. నీదేమో జూలూరుపాడు రోడ్డు పక్కన తాటాకు రేకలో పోస్తావు. తేడా పోసే చోటులో ఉందా, తాగే దాంట్లో ఉందా?

లొట్టివాది: రెంట్లోనూ ఉంది. ముందు తాగే దాని సంగతి చూద్దాం. మీ ద్రాక్ష ఏడాదికోసారి కోతకొస్తది. చల్లటి నేలమాళిగలో వారాల తరబడి నిదానంగా పులవనిస్తరట. నా తాడు పొద్దున, మాపున రోజుకు రెండుసార్లు ఇస్తది. గెల కొస చెక్కి లొట్టి కడితే, మొదటి చుక్క లొట్టిలో పడ్డప్పటి నుంచే పులవడం మొదలు. దించేసరికే నురగ కక్కుతుంటది. పొద్దున ఏడింటికి తియ్యగా, పదకొండింటికి ఘాటుగా, పొద్దుగూకేసరికి నోరు ముడుచుకునేంత పుల్లగా. ఏ గంట కల్లు ఆ గంటదే. ఇందులో నువ్వు సీసాకెత్తేది ఏ గంట కల్లు?

సీసావాది: దానికి లెక్కుంది. లీటరుకు 4 గ్రాముల చక్కెర మూత బిగించిన సీసాలో పులిస్తే దాదాపు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పుడుతుంది. షాంపేన్‌ను సీసాలో రెండోసారి పులియబెట్టడానికి లీటరుకు 24 గ్రాములు వేస్తారు. ఆరు వాతావరణాల ఒత్తిడి వస్తుంది, కారు టైరులో ఉండే గాలికి మూడింతలు. పెట్‌నాట్‌కు అందులో సగం చాలు. ఇప్పుడు నీ తాటి రసానికి రా. దిగినప్పుడు దాంట్లో లీటరుకు 100 గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. అదంతా సీసాలోనే పులిసిందనుకో, పాతిక వాతావరణాలు. దాన్ని సీసా అనరు, బాంబు అంటారు. కాబట్టి ముప్పాతిక మువ్వీసం బయటే పులిసిపోనిచ్చి, చివరి పది గ్రాములు మిగిలినప్పుడు మూత బిగించాలి. తీపి ఎంత మిగిలిందో చెప్పడానికి హైడ్రోమీటర్ అని గాజు గొట్టం వస్తుంది, రసంలో వదిలితే తేలుతుంది, గీత చూసుకోవడమే.

(ఈ లెక్క ఇంట్లో సరిచూద్దామనుకునే పాఠకులు గాజు సీసా జోలికి పోకుండా ఉంటే మంచిది.)

లొట్టివాది: నీ గీత చూసుకునే లోపల ఆ పది గ్రాములు దాటిపోతయి. మాఘమాసంలో ఏమో గానీ, ఏప్రిల్ దాటితే ఈ కొత్తగూడెం ఎండలో కల్లు నిన్ను ఆగి చూడనియ్యదు. కొత్తగూడెం బస్సెక్కేవాళ్లు నీళ్ల సీసాల్లో పట్టుకపోతరు. ప్రతిసారీ చెప్తుంటా: నిండా పొయ్యొద్దు, మూత వదులుగా పెట్టు, బ్యాగులో పడుకోబెట్టకు. విననోడి సంగతి సుజాతనగర్ దాటకముందే బస్సులో అందరికీ తెలుస్తది. ప్లాస్టిక్ సీసా పొట్ట ఉబ్బి, అడుగు గుండ్రంగా బయటికొచ్చి నిలబడను కూడా నిలబడదు. మీ హైడ్రోమీటర్ లేకపోయినా మూత వదలాలని నాకు తెలుసు. బిగించాలని నువ్వంటున్నావు.

సీసావాది: బిగించే ముందు చల్లబరుస్తానంటున్నా. నాలుగు డిగ్రీల దగ్గర ఈస్టు దాదాపు నిద్రపోతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో సర్కారు నీరా కేఫ్ తెరిచింది. నీరా అంటే అసలు పులవనే పులవని రసం. దాన్నే చెట్టు దగ్గర ఐసులో పెట్టి ఆ కేఫ్ దాకా తెచ్చినప్పుడు, కావాలని చాలావంతు పులవనిచ్చిన కల్లును తేలేమా?

లొట్టివాది: నీరాకు తేవడం ఒక్కటే పని. నీకు తెచ్చినాక మళ్లీ లేపే పని ఉంది. లేచేది నీ ఈస్టు ఒక్కటేనా?

సీసావాది: కాదు. ఆ చిక్కు నువ్వు అడగకముందే నేను చెప్పాల్సింది. ద్రాక్షరసం పుట్టుకతోనే పుల్లన. ఆ పులుపుకు చాలా క్రిములు నిలబడలేవు, అందుకే వైన్‌లో ఈస్టుదే రాజ్యం. తాటి రసానికి దిగేటప్పుడు పులుపే ఉండదు. కాబట్టి లొట్టిలో ఈస్టుతో పాటు లాక్టిక్ బాక్టీరియా, జైమోమోనాస్ అనే ఇంకో బాక్టీరియా కలిసి దిగుతాయి. జైమోమోనాస్ కూడా ఈస్టులాగే చక్కెరను ఆల్కహాలు చేస్తుంది. వీటి వెనకాల ఎసిటిక్ బాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాలును వెనిగర్ చేస్తుంది. అయితే వెనిగర్ కావాలంటే దానికి గాలి తగలాలి. మూత బిగిస్తే గాలి ఉండదు. పొద్దుగూకేసరికి పుల్లబడుతుందన్నావే, ఆ పులుపులో ఒక వంతును సీసాయే ఆపుతుంది. మిగతా వంతు, లాక్టిక్ పులుపు, ఆగదు. ఒప్పుకుంటున్నా.

లొట్టివాది: ఆగదని తెలిసి కాచేస్తరు కదా. శ్రీలంకలో సీసాల్లో అమ్మేది అట్లాంటిదేనట.

సీసావాది: అవును, వేడిచేసి ఈస్టును చంపి నింపుతారు. నెలల తరబడి నిలవుంటుంది. అది నాకూ ఇష్టం లేదు. చచ్చిన కల్లు అమ్మాలంటే ఇంత వాదన అక్కర్లేదు, బీరే అమ్ముకోవచ్చు. నేననేది బతికున్న కల్లును సీసాలో పెట్టడం. కష్టమే. షాంపేన్ వాళ్లకు మాత్రం సులువుగా అయిందా? మూడొందల ఏళ్ల కింద వాళ్లకు ఈ నురగ ఒక తెగులు. ఇవాళ సీసా మీద ఎవరి పేరు చూసి డబ్బు పోస్తున్నారో, ఆ దొమ్ పెరిన్యోఁ సన్యాసి కూడా నురగ రాకుండా చూడాలని పాటుపడ్డవాడే. వసంతం రాగానే నేలమాళిగల్లో సీసాలు వరసగా పేలేవి. పనివాళ్లు మొహానికి ఇనుప జాలీ కట్టుకుని లోపలికి దిగేవాళ్లు. బొగ్గు బట్టీల్లో కాల్చిన ఇంగ్లండు గాజు మందంగా ఉండబట్టి సీసా తట్టుకుంది. బిరడా ఎగిరిపోకుండా కట్టే తీగ గూడుకు 1844లో పేటెంటు వచ్చింది. ఈ రోజుకీ ఖాళీ షాంపేన్ సీసా 800 గ్రాములకు పైన తూగుతుంది. వాళ్ల నేలమాళిగ రోజుల్లో మనం ఉన్నాం, అంతే. ఇన్నేళ్లలో మన కల్లుకు తగ్గ గాజు కావాలని అడిగినవాళ్లే లేరు.

లొట్టివాది: అడగకపోవడానికి కారణం ఉంది. సీసా కల్లు మనకు కొత్తది కాదు. పట్నం కల్లు కాంపౌండ్లలో ఎప్పటినుంచో సీసాల్లోనే పోస్తున్నరు. 2004లో మూయించిన ఆ దుకాణాలను 2014లో మళ్లీ తెరిపించారు. వాటిలో చెట్టు నుంచి దిగినదెంత, డ్రమ్ములో కలిపినదెంత? నీళ్లు, శాకరిన్, ఆ పైన నిద్రమాత్ర. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ అన్నరు, తర్వాత డైజీపామ్, ఇప్పుడు అల్ప్రాజోలం. 2015లో నిజామాబాద్ వైపు కల్తీని గట్టిగా ఆపితే, అలవాటు పడ్డ జనం మత్తు అందక ఫిట్లొచ్చి, పిచ్చిగా ప్రవర్తించి ఆసుపత్రుల పాలైండ్రు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్లు తాగి ఎంతమంది పోయిన్రో చూసినవు కదా. ఇక్కడ నా దగ్గరికి వచ్చేటోడు నన్నెందుకు నమ్ముతడు? నేను మోకు వేసుకుని ఎక్కడం చూస్తడు, లొట్టి దించడం చూస్తడు, రేకలో పడ్డ చీమను చూస్తడు. కంటి ముందు దిగిందే కల్లు. ఆ చూపును సీసా తీసేస్తది.

సీసావాది: కల్తీ చేసింది సీసా కాదు బాబాయ్, పేరు లేకపోవడం. ఆ కాంపౌండు సీసాకు అట్టముక్క ఉందా? ఏ ఊరు, ఏ చెట్టు, ఏ తేదీ, ఎవరు దించారు, ఏమీ ఉండదు. మంచి వైన్ సీసా మీద ఇవన్నీ ఉంటాయి. షాంపేన్ అన్న పేరు ఆ ప్రాంతం దాటి వాడకూడదని ఫ్రాన్స్‌లో చట్టం. మన దగ్గర గోవా ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. నువ్వు గీసే చెట్లకు ఆబ్కారీవాళ్లు వేసిన నంబరు ఎట్లాగూ ఉంది. ఆ నంబరునే అట్ట మీద అచ్చు వేద్దాం. ఖమ్మంలో కూర్చున్నవాడికి నీ చెట్టు కనపడదు, కనీసం నంబరన్నా కనపడుతుంది. చూపు అందని చోట నమ్మకానికి ఇంకో దారి కావాలి కదా?

లొట్టివాది: ఆ మాట కొట్టెయ్యలేను. నంబరు మంచిదే. కానీ కల్తీ ఎందుకు పుట్టిందో కూడా చూడు. తాగేటోళ్లు పెరిగిన్రు, తాళ్లు పెరగలే. ఇటుక బట్టీలకు కొన్ని పోయినయి. గట్ల మీద నీడ పడితే పత్తి రాదని ఇంకొన్ని కొట్టేసిన్రు. దమ్మపేట, అశ్వారావుపేట దిక్కు చూడు, అంతా ఆయిల్ పామే. పామాయిల్ చెట్టును చూసి ఇదీ తాడి లాంటిదేగా అంటడు పట్నపోడు. నీ సీసా గెలిచిందనుకో. హైదరాబాద్ అడుగుద్ది, బెంగళూరు అడుగుద్ది. చెట్టు ఇచ్చేది మాత్రం అంతే ఇస్తది. అప్పుడు నంబరు మీద నంబరు అచ్చు కాదా?

సీసావాది: అవుతుంది, కాపలా లేకపోతే. అందుకే ధర ఎక్కువ, సీసాలు తక్కువ అంటున్నా.

లొట్టివాది: జీలుగు చెట్టు సంగతి ఇంకా చెప్పలే. పెద్దరేవుల పక్కన, వాగుల వెంట ఉండేది, కోయవాళ్లు గీసేది. మీ హోటలోళ్ల కన్ను మొదట పడేది దాని మీదే, ఎందుకంటే తాటి, ఈత కంటే ఎక్కువ కారుద్ది, ఒక్క చెట్టే బిందెలు నింపుద్ది. కానీ అది పూతకొచ్చేదాకా పది పదిహేనేళ్లు ఊరికే నిలబడుద్ది. మొదటి గెల తలకాయ దగ్గర వేస్తది, తర్వాతది దానికింద, ఆ తర్వాతది ఇంకా కింద. అట్లా దిగుతూ దిగుతూ చివరి గెల అయిపోయినాక చెట్టే చచ్చిపోతది. తాడి నీ తాతకు ఇచ్చింది, నీ మనవడికీ ఇస్తది. జీలుగు ఒక్కసారే ఇస్తది. దాన్ని నువ్వు మార్కెట్టుకు పెడితే, నాటేది ఎవడు, పదిహేనేళ్లు కూర్చునేది ఎవడు?

సీసావాది: జీలుగును వదిలేద్దాం. ఇది నేను ఓడిపోయిన చోటు. తాటి, ఈత చాలు.

లొట్టివాది: వదిలేయడానికి నువ్వెవరు, నేనెవరు? ఏజెన్సీ ఊళ్లలో మత్తు పానీయం అమ్మాలా వద్దా, ఎట్లా అమ్మాలనేది పంచాయతీ, గ్రామసభ తేల్చాలని 1996 నాటి పెసా చట్టం చెప్తుంది. కోయ పండగల్లో ముందు నాలుగు చుక్కలు నేలకు, పెద్దలకు పోసినాకే మనిషి తాగుతడు. కల్లు అక్కడ సరుకే కాదు. నీ సీసా మీద గ్రామసభ తీర్మానం తేదీ కూడా వేస్తవా?

సీసావాది: వేస్తా. వెక్కిరింతగా అన్నావేమో, నిజంగానే వేస్తా. కానీ ఒకటి చెప్పు. నీ కొడుకు చెట్టెక్కుతున్నాడా?

లొట్టివాది: లేదు.

సీసావాది: ఎందుకు?

లొట్టివాది: తెలిసి అడుగుతున్నవు. ఎక్కితే రాబడి లేదు, పడితే నడుం లేదు. కాటమయ్యను మొక్కి ఎక్కేటోళ్లం. 2024లో ఆ స్వామి పేరు మీదే సర్కారు రక్షణ కవచం అని తాళ్లు, బెల్టుల కిట్టు ఇచ్చింది. మంచిదే, నేనూ కట్టుకుంటున్నా. అయినా నా కొడుకును ఎక్కమనలేను.

సీసావాది: నా వాదనంతా అక్కడ ఉంది. నువ్వు దించేది మనిషి ప్రాణం పణంగా పెట్టి దించే రసం. దాన్ని మామూలు కూల్‌డ్రింకు ధరకు పోస్తున్నావు. నాసిక్‌లో ఫ్రెంచివాళ్ల షాండన్ కంపెనీ 2013లో నురగ వైన్ మొదలుపెట్టింది. మా హోటల్లో అలాంటి వైన్ ఒక్క గ్లాసు ధర నీ రెండు రోజుల రాబడి. ద్రాక్షపాదు దగ్గర నేల మీద నిలబడి కోసేవాడి సరుకు అది. అరవై అడుగులు ఎక్కేవాడి సరుకుకు ఆ గౌరవం రావాలంటే, గౌరవంగా పోసే పద్ధతి కూడా ఉండాలి. ఇప్పుడు సారా పక్కన, చీప్ లిక్కర్ పక్కన దాన్ని కూర్చోబెట్టాం. పెట్‌నాట్ పక్కన కూర్చోబెడితే చూసేవాడి కన్ను మారదా?

లొట్టివాది: మారుద్ది. ఆ మారిన కన్ను నా దగ్గరికొస్తదా, నీ హోటలుకొస్తదా అనేది వేరే ప్రశ్న. సరే, ఎట్లా పోస్తవో చెప్పు, విందాం.

సీసావాది: ముందు సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టి ఆరేడు డిగ్రీలకు చల్లబరుస్తాం. చల్లగా ఉంటే గాలి ద్రవంలో అణిగుంటుంది, వెచ్చగా ఉంటే మూత తీయగానే సగం నేలపాలు. నిలువుగా ఉంచితే మడ్డి అడుగున దిగుతుంది. తీసేటప్పుడు ఊపకూడదు. బిరడా అయితే బిరడాను కాదు, సీసాను తిప్పాలి. ఢామ్మని చప్పుడు చేయడం సినిమాల్లోనే, చప్పుడైందంటే గాలి వృథా. గ్లాసును వాల్చి గోడ మీదుగా జార్చాలి. నురగ అణిగాక మళ్లీ కాస్త. అడుగు మడ్డి కావాలా వద్దా అని తాగేవాళ్లనే అడుగుతాం. కొందరు తేటగా తాగుతారు, కొందరు సీసాను మెల్లగా తలకిందులు చేసి కలిపి పొయ్యమంటారు. సన్నమూతి గ్లాసు, వాసన పట్టి నిలుపుతుంది. తేజ మిర్చి వేసి వండిన నాటుకోడి పక్కన పెట్టు బాబాయ్, కాస్త తీపి మిగిలిన పెట్‌నాట్ ఆ కారాన్ని పట్టి దించుతుంది. కల్లు అంతకంటే బాగా దించుతుంది. ఇది నేను తిని, తాగి చెప్పేది.

లొట్టివాది: నేను దీనికి సరిగ్గా తిరగేసి పోస్తా. తాటాకు చీల్చి, రెండంచులు దగ్గరికి తెచ్చి కొసలు ముడేస్తే రేక. దాన్ని రెండు చేతులా మూతికి ఆనించి పట్టుకుంటడు. నేను నిలబడి పైనుంచి సన్నధారగా వంచుతా. ధార ఎత్తు నుంచి పడితే నురగ అంచుదాకా లేచి, ఈగా చీమా అంతా ఆ నురగలోకి చేరుద్ది. ఊదితే అవతలికి పోతది. పొంగు చెదిరి కడుపు ఉబ్బదు. గాలిని మీరు దాచుకుంటరు, మేం తరిమేస్తం. ఇంకో సంగతి, రేకను కింద పెట్టలేడు. పెడితే ఒలుకుద్ది. అందుకని పోసినంతా తాగాలి, లేదా చాలని చెయ్యి అడ్డం పెట్టాలి. పోసేటోడు తాగేటోడి మొహం చూస్తనే ఉంటడు. ఎప్పుడు ఆపాలో నాకు తెలుస్తది. సీసా కొనుక్కుని గదిలోకి పోయినోడికి ఎవడు ఆపుతడు?

సీసావాది: అన్ని కల్లు మండువల్లోనూ నీలాంటివాళ్లే పోస్తున్నారా? పొద్దున్నే చెట్ల కింద చేరి మధ్యాహ్నం దాకా లేవని మనుషులు మన ఊళ్లో లేరా? వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లను అడిగి చూడు, చెట్టు కిందైతే మంచిదంటారా?

లొట్టివాది: అనరు. నేను ఆపినా పక్క చెట్టు కిందికి పోయేటోళ్లను చూసిన. ఆ మాట దగ్గర నా నోరు లేవదు. కానీ ఒకటుంది. పొద్దుగూకితే నా కల్లు అయిపోతది. పుల్లబడ్డది ఎవడూ తాగడు. అర్ధరాత్రి కావాలన్నా దొరకదు. నీ సీసాకు పొద్దు గూకడం ఉండదు.

సీసావాది: పుల్లబడ్డదాన్ని ఏం చేస్తావు? సీజన్ ముదిరినప్పుడు ఎంత పారబోస్తావు?

లొట్టివాది: చాలానే. అడక్కు.

సీసావాది: అడుగుతా. ఎందుకంటే ఆ పారబోసేదే నాకు కావాలి. నీ పొద్దుటి బేరం నేను ముట్టుకోను. నీ రేక, నీ మనుషులు, నీ ధర ఎట్లా ఉందో అట్లానే ఉండనీ. మిగిలిన నాలుగైదు లొట్లు పుల్లబడకముందే, ఎనిమిదింటిలోపు, నేను ఐసు పెట్టెతో వచ్చి నిలబడతా. హైడ్రోమీటర్ వేస్తా. బీరుకు వాడేంత మందం సీసాలు తెస్తా, షాంపేన్ సీసా అక్కర్లేదు, రెండు వాతావరణాలు దాటనివ్వను. వారంలోపు తాగాలని అట్ట మీద వేస్తా. అట్ట మీద చెట్టు నంబరు, నీ పేరు.

లొట్టివాది: ఆబ్కారీ వాళ్లు ఊరుకుంటరా? ఇప్పుడున్న లైసెన్సులు గీత సొసైటీకి ఇచ్చేది ఒకటి, చెట్టెక్కేటోడికి ఇచ్చేది ఒకటి. సీసాకెత్తి హోటలుకు పంపే కాగితం నాకు తెలిసి ఎవరి దగ్గరా లేదు.

సీసావాది: కాగితం పుట్టించాలి. వైన్ షాపుల్లో గౌడలకు 15 శాతం కేటాయించిన సర్కారు, వాళ్లు దించే సరుకుకు ఒక కాగితం పుట్టించలేదా? ముందు సొసైటీ పేరు మీద అడుగుదాం, కంపెనీ పేరు మీద కాదు.

లొట్టివాది: కంపెనీ పేరు మీద కాదన్నవు, అది బాగుంది. అయితే నా షరతు విను. ఒకరోజు పది సీసాలు పేలినయనుకో. ఇంకోరోజు కరెంటు పోయి పెట్టెడు కల్లు పుల్లబడ్డది. మరోరోజు మీ హోటలుకు వచ్చినోడు వాసన చూసి వద్దన్నడు. నా చెట్టు కింద నష్టం వస్తే నాది, ఎవరినీ అడగను. సీసాకెత్తినాక వచ్చే నష్టం ఎవరిది? నీ హోటలోళ్లు భరిస్తరా, నా లెక్కలో కోస్తరా?

సీసావాది: అది వాళ్లను నేనింకా అడగలేదు.

లొట్టివాది: అడిగి రా. రెండు లొట్లు పక్కన పెట్టడానికి నాకేం. ఎనిమిదింటిలోపు మాత్రం రావాలి, ఆ తర్వాత నేను ఆగినా కల్లు ఆగదు.